స్వేచ్ఛాసంకల్పం, నియతి, పరిణామం, దైవం: తరచుగా అడిగే ప్రశ్నలు

పరీక్ష తప్పిన కుర్రవాణ్ణి ఓదార్చే పెద్దవాళ్లు 'వాడి రాత అంతే' అంటారు. అదే కుర్రవాడు మరుసటి ఏడు పుస్తకం ముట్టకుండా తిరుగుతుంటే 'నీ చేతిలో ఉన్న పని నువ్వు చెయ్యవేం' అని గదమాయిస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఇంట్లోనైనా ఈ రెండు మాటలూ ఒకే నోట వినవచ్చు. ఆ రెండింటికీ పొసగుతుందా అన్నదే ఇక్కడి విషయం. ఈ సమాధానాలు తటస్థంగా రాసినవి కావు. మన పనులకు కారణాలు ఉన్నంత మాత్రాన మన స్వేచ్ఛ పోదన్నది ఈ రచయిత పక్షం. అయితే ఎదుటి పక్షం బలంగా ఉన్న చోట ఆ బలాన్ని దాచలేదు.

అసలు చిక్కు ఎక్కడుంది?

మనిషి చేసే ప్రతి పనికీ కారణాలుంటాయి, ఆ కారణాలకు మళ్లీ కారణాలుంటాయి, అలా వెనక్కి పోతే అతను పుట్టక ముందటి కాలం వచ్చేస్తుంది. ఒక దశలో ప్రపంచం ఎలా ఉందో ఖాయమైతే, ప్రకృతి నియమాలను బట్టి తరువాతి దశలన్నీ ఖాయమైనట్లే అనే అభిప్రాయాన్ని నియతివాదం అంటారు. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1814లో దీనికి అందరికీ గుర్తుండిపోయే రూపం ఇచ్చాడు: ఒక క్షణాన విశ్వంలోని ప్రతి వస్తువూ ఎక్కడుందో, దానిమీద ఏ బలాలు పనిచేస్తున్నాయో తెలిసి, ఆ లెక్కలన్నీ కట్టగల బుద్ధి ఒకటి ఉంటే, దానికి గతంలాగే భవిష్యత్తు కూడా కళ్లెదుటే ఉంటుందని ఆయన అన్నాడు. మరోపక్క, మనం చేసిన పని మనమే ఎంచుకుని చేశామని, చెయ్యకుండా ఉండగలిగేవాళ్లమని, అందుకే దానికి జవాబుదారీ మనదేనని మనందరికీ గట్టి నమ్మకం ఉంది. దానినే స్వేచ్ఛాసంకల్పం అంటున్నాం. ఈ రెండూ ఏకకాలంలో నిజం కాగలవనే వారిని సమన్వయవాదులు అందాం. కాలేవనే వారిలో కొందరు స్వేచ్ఛను భ్రమగా కొట్టివేస్తారు, కొందరు నియతినే తిరస్కరిస్తారు.

నియతివాదం అంటే మనం ఇళ్లలో చెప్పుకునే తలరాతే కదా?

కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల పుట్టినంత గందరగోళం ఈ చర్చలో మరి దేనివల్లా పుట్టలేదు కనుక ఇక్కడ కొంచెం నిలవాలి.

నువ్వు ఏ దారిన పోయినా చేరేది అక్కడికే అంటుంది తలరాత. నువ్వు ఏ దారిన పోయావన్న దానిమీదే ఎక్కడికి చేరతావన్నది ఆధారపడి ఉంటుంది, నువ్వు ఆ దారి పట్టడానికి కూడా కారణాలున్నాయి అంటుంది నియతివాదం. మొదటి దానిలో మనిషి ప్రయత్నానికి పనే లేదు. రెండో దానిలో ప్రయత్నం కూడా ఒక కారణమే. దాన్ని తీసేస్తే ఫలితం మారిపోతుంది. ప్రాచీన గ్రీకులు దీని మీద ఒక వాదం చెప్పుకునేవారు: జబ్బు తగ్గాలని రాసిపెట్టి ఉంటే వైద్యుణ్ణి పిలిచినా పిలవకపోయినా తగ్గుతుంది, తగ్గకూడదని ఉంటే పిలిచినా తగ్గదు, కాబట్టి పిలవడం దండగ. దీనికి వాళ్లు పెట్టిన పేరు సోమరి వాదం. స్టోయిక్ తాత్త్వికుడు క్రిసిప్పస్ దీనికి ఇచ్చిన సమాధానం నేటికీ చెల్లుతుంది: జబ్బు తగ్గడం నిర్ణయమై ఉంటే, వైద్యుణ్ణి పిలవడం ద్వారా తగ్గడమే నిర్ణయమై ఉండవచ్చు. మధ్యలోని మెట్టును వదిలేసి చివరి మెట్టు మాత్రమే ఖాయమనుకోవడంలోనే తప్పు ఉంది.

మన తీరంలో దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తీరాన ఉన్న ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు లక్షల్లో నేలకూలాయి. ఆ తుఫానుకు ఇచ్ఛ లేదు, అది పూర్తిగా గాలీ నీరూ వేడీ నడిపిన వ్యవహారం. అయినా అది వస్తోందని ముందుగా తెలియడం వల్ల వేటకు వెళ్లవలసిన పడవ ఒడ్డునే ఉండిపోయింది. తుఫాను దారి కారణాలను బట్టి నడిచింది కాబట్టే హెచ్చరిక సాధ్యమైంది, హెచ్చరిక మనుషుల మీద పనిచేసింది కాబట్టే ప్రాణం దక్కింది. ఆ ఉదయం పడవ ఒడ్డున ఉండటం నియతికి వ్యతిరేకంగా జరిగినది కాదు, నియతి ద్వారానే జరిగినది. ఉద్దానం కిడ్నీ జబ్బు విషయంలో కూడా తేడా ఇంతే. దాన్ని రాత అనుకున్నంత కాలం మొక్కుకోవడం తప్ప చేయగలిగింది లేదు. ఏదో ఒక కారణం ఉండి తీరాలని నమ్మినవాళ్లే నీటిని పరీక్షించారు, నేలను పరీక్షించారు. ఆ నమ్మకం కొనసాగబట్టే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వెలిశాయి. కారణాలను నమ్మడం మనిషిని చేతులు ముడుచుకు కూర్చోబెడుతుందన్న మాటకు అనుభవం ఎదురు సాక్ష్యమే చెబుతోంది.

అన్నీ నిర్ణయమై ఉంటే ముందుగానే చెప్పగలగాలి కదా? అలాగైతే జాతకాలు నిజమే అవ్వాలి.

నిర్ణయమై ఉండటం వేరు, చెప్పగలగడం వేరు. అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లోరెంజ్ 1961లో కంప్యూటర్ మీద వాతావరణ నమూనా ఒకటి నడుపుతూ, 0.506127 అనే సంఖ్యను రెండోసారి 0.506 అని మాత్రమే ఎక్కించాడు. సూత్రాలు మారలేదు, యాదృచ్ఛికత ఏమీ లేదు, అయినా కొంత సేపటికి రెండు లెక్కలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనంతగా విడిపోయాయి. పూర్తిగా నియతమైన వ్యవస్థ కూడా ఆచరణలో అంచనాకు అందకపోవచ్చని అప్పుడు తేటతెల్లమైంది. మనిషి మెదడు అంతకన్నా జటిలం. పైగా 'నువ్వు రేపు ఈ పని చేస్తావు' అని చెబితే, ఆ మాట విన్నందువల్లనే మనసు మార్చుకోగల ప్రాణి మనిషి.

ఇక జాతకాల సంగతి. ఆకాశంలోని వస్తువుల గమనం నియతికి అచ్చమైన నమూనా. ఎడ్మండ్ హేలీ తన పేరు మోస్తున్న తోకచుక్క 1758లో తిరిగి వస్తుందని లెక్క కట్టి 1742లో మరణించాడు. ఆయన పోయిన పదహారేళ్లకు అది చెప్పినట్లే కనిపించింది. అదే చుక్క 1910లో మళ్లీ వచ్చినప్పుడు దేశమంతా అరిష్టమని భయపడుతుంటే, విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావు దాన్ని సంఘసంస్కరణ ప్రయాణానికి ఎత్తిన పతాకంగా పద్యంలో చూశారు. తోకచుక్క ఏ ఏడు వస్తుందో లెక్క చెబుతుంది. దాన్ని చూసి భయపడాలా, పని మొదలు పెట్టాలా అన్నది ఆ లెక్కలో లేదు. గ్రహాల దారి నియతమైనంత మాత్రాన ఆ గ్రహాలు మన పెళ్లిళ్లకు కారణాలని తేలదు. కారణం అనడానికి మధ్యలో పనిచేసే మార్గం ఒకటి చూపించాలి, జ్యోతిషం చూపించలేకపోయింది కూడా దానినే.

సరే, కానీ కారణాలు తోసిన ఇచ్ఛను స్వేచ్ఛ అని ఎలా అంటారు?

కారణాలు తోయడం, కారణాలు ఉండటం ఒకటి కాదు. స్కాట్లాండు తాత్త్వికుడు డేవిడ్ హ్యూమ్ 1748లో చెప్పినది స్థూలంగా ఇదే: స్వేచ్ఛకు ఎదురు నిలిచేది నిర్బంధం, కారణం కాదు, సంకెళ్లలో లేని ప్రతివాడికీ తన సంకల్పం ప్రకారం చేసే, మానే శక్తి ఉంది.

ఒక ఊహను తీసుకుందాం. టెక్కలి వైపు ఊళ్లో ఒక యువకుడికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది, ఇంటి దగ్గర తండ్రికి వయసు మీద పడి జీడితోట చూసే దిక్కులేదు. అతను వారం రోజులు ఆలోచించి, తల్లితో మాట్లాడి, అప్పు లెక్క చూసుకుని ఉండిపోయాడు. రెండో యువకుడు కూడా ఉండిపోయాడు, అయితే అన్నలు అతని సర్టిఫికెట్లు దాచేశారు కాబట్టి. మూడోవాడు ఉండిపోయింది, ఊళ్లోని సారా వదలలేక; పోవాలని అతనికి నిజంగానే ఉంది, బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ముగ్గురి పనులకూ కారణాలున్నాయి, నియతివాదం నిజమైతే మూడూ ఒకే తీరున నియతమైనవే. అయినా ముగ్గురినీ మనం ఒకే గాటన కట్టం. మొదటివాడి నిర్ణయం అతని విలువల మీదుగా, అతని ఆలోచన మీదుగా వచ్చింది; తోటకు కౌలుదారు దొరికి ఉంటే అతను వెళ్లిపోయేవాడు. అంటే అతని నిర్ణయం సరైన హేతువు ఎదురైతే మారేది. రెండోవాడి విషయంలో ఆలోచన పక్కకు నెట్టబడింది. మూడోవాడి విషయంలో ఆలోచన జరిగింది గానీ దాని మాట చెల్లలేదు. సమన్వయవాదులు స్వేచ్ఛ అనేది మొదటివాడికి ఉండి, మిగిలిన ఇద్దరికీ లేని దానినే. అది కారణాలు లేకపోవడం కాదు, కారణాలు మనిషి బుద్ధి గుండా నడవడం.

ఇంకో మాట. మొదటి యువకుడి నిర్ణయానికి అతని స్వభావం, పెంపకం, తండ్రి మీది ప్రేమ ఇవేవీ కారణం కాదనుకుంటే, ఆ నిర్ణయం మరింత అతనిది అవుతుందా? వాటిని అన్నింటినీ తీసేశాక నిర్ణయించడానికి అక్కడ ఎవరూ మిగలరు.

కానీ అతను 'వేరేలా చేసి ఉండగలిగేవాడు' కాదు కదా?

సమన్వయవాదానికి గట్టి దెబ్బ తగిలేది ఇక్కడే. అమెరికా తాత్త్వికుడు పీటర్ వాన్ ఇన్వాగెన్ 1983లో ఈ వాదానికి పదును పెట్టాడు: గతం మన చేతిలో లేదు, ప్రకృతి నియమాలు మన చేతిలో లేవు, నియతివాదం ప్రకారం మన నేటి పనులు ఆ రెండింటి పర్యవసానాలు, చేతిలో లేని వాటి పర్యవసానం కూడా చేతిలో లేనిదే, కాబట్టి మన పనులు మన చేతిలో లేవు. మెట్లన్నీ నున్నగా కనిపిస్తాయి.

సమన్వయవాదులు దీనికి రెండు దారులుగా జవాబు చెబుతారు. సామర్థ్యం అంటే ఆ క్షణంలోని ప్రతి అణువునూ అలాగే ఉంచి వేరే ఫలితం రప్పించడం కాదు అన్నది ఒక దారి. ఈత వచ్చినవాడు నాగావళి ఒడ్డున నిలబడి నీళ్లలోకి దిగకపోయినా అతను ఈదగలడనే అంటాం. దిగాలనుకుని ఉంటే ఈదేవాడన్నదే ఆ మాటకు అర్థం. ఈత రానివాడి సంగతి అలాంటిది కాదు. నియతి ఈ తేడాను చెరపదు.

రెండో దారి మరో అమెరికా తాత్త్వికుడు హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1969లో చూపినది. దాన్ని మన పంచాయతీ ఎన్నికకు మార్చి చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ఒక ఓటరు తలలో అతనికి తెలియకుండా యంత్రం అమర్చారు, అతను ఫలానా అభ్యర్థిని వదిలి మరొకరి వైపు మొగ్గితే యంత్రం పనిచేసి అతని మనసు తిప్పేస్తుంది. కానీ అతను తనంతట తానే, బాగా ఆలోచించి, ఆ అభ్యర్థికే ఓటు వేశాడు, యంత్రం కదలనే లేదు. అతను వేరేలా చేసి ఉండగలిగేవాడు కాదు. అయినా ఆ ఓటు అతనిదే, దాని బాధ్యత అతనిదే. కాబట్టి బాధ్యతకు ప్రత్యామ్నాయం ఉండి తీరాలనేది అంత స్వయంసిద్ధమైన విషయం కాదు.

వాన్ ఇన్వాగెన్ వాదం దీనితో పూర్తిగా చచ్చిపోయిందని చెప్పడం నిజాయితీ కాదు. మనిషి తన స్వభావానికి తొలి కర్త కాలేడన్న మాట అందులో నిజం, దాన్ని ఒప్పుకోవాలి. అంతటి తొలి కర్తృత్వం లేకపోయినా, మనకు కావలసిన స్వేచ్ఛలో చాలా భాగం నిలుస్తుందన్నదే ఇక్కడి వాదం.

క్వాంటమ్ భౌతికశాస్త్రం నియతిని కూల్చేసింది కదా? ఇంకా ఈ గొడవ దేనికి?

కణం స్థానాన్నీ వేగాన్నీ ఒకేసారి కచ్చితంగా నిర్ణయించలేమనే హైజెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రం 1927 నాటిది, అప్పటినుంచీ ఈ మాట వినిపిస్తూనే ఉంది. అణువు స్థాయిలో యాదృచ్ఛికత ఉందనుకున్నా దానివల్ల స్వేచ్ఛకు ఒరిగేది ఏమీ లేదు. నా చెయ్యి నా కారణాల వల్ల కాక ఏదో అణువు యాదృచ్ఛికంగా దూకినందువల్ల లేస్తే అది నా పని అవ్వదు, నాకు పట్టిన వణుకు అవుతుంది.

మనకంటే ముందే మెదడు నిర్ణయం తీసేసుకుంటుందని ప్రయోగాల్లో తేలిందట, నిజమేనా?

ఆ మాటకు మూలం అమెరికా నాడీశాస్త్రజ్ఞుడు బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించిన ప్రయోగం. కూర్చున్న వ్యక్తి తనకు తోచినప్పుడు మణికట్టు కదపాలి, ఆ కోరిక కలిగిన క్షణాన గడియారంలో చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. మెదడులో ఒక విద్యుత్ సంకేతం కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందు మొదలైతే, కోరిక స్పృహకు వచ్చింది సుమారు 200 మిల్లీసెకన్ల ముందు మాత్రమేనని తేలింది. దీన్ని బట్టి స్పృహ ఆలస్యంగా వచ్చే ప్రేక్షకుడు మాత్రమేనని చాలామంది తీర్మానించారు. లిబెట్ మాత్రం అంత దూరం పోలేదు. మొదలైన కదలికను ఆఖరి క్షణంలో ఆపగల శక్తి స్పృహకు ఉందనే ఆయన భావించాడు.

తరువాత 2012లో నాడీశాస్త్రజ్ఞుడు ఆరన్ షర్గర్, అతని సహచరులు ఆ సంకేతానికి వేరే వ్యాఖ్యానం ఇచ్చారు. మెదడులో ఎప్పుడూ ఎగసిపడుతూ ఉండే ఒడిదొడుకులు ఒక హద్దు దాటినప్పుడు కదలిక పుడుతుంది; అలాంటి వాటిని కదలిక నుంచి వెనక్కి సగటు కడితే మెల్లగా పైకి లేచే రేఖ దానంతటదే కనిపిస్తుంది. అంటే అది తీసేసుకున్న నిర్ణయానికి గుర్తు కానవసరం లేదు. ఈ వ్యాఖ్యానాల తగవు ఎటు తేలినా, ఏ కారణమూ లేకుండా మణికట్టు కదపడం స్వేచ్ఛకు సరైన పరీక్ష అనిపించదు. పొలం అమ్మాలా వద్దా అన్న నిర్ణయం మిల్లీసెకన్లలో జరగదు, నెలలు పడుతుంది, ఆ నెలల్లో స్పృహతో చేసిన ఆలోచన ప్రతి మలుపులోనూ పనిచేస్తుంది. మరో సంగతి, మెదడు నిర్ణయించింది కాబట్టి నేను నిర్ణయించలేదు అనడంలో, మెదడుకు బయట ఇంకొక 'నేను' కూర్చుని ఉన్నానన్న ఊహ దాగి ఉంది.

మనం జంతువుల నుంచి వచ్చినవాళ్లమైతే మనకు మాత్రమే స్వేచ్ఛ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఒక్కసారిగా రాలేదు, మెట్టు మెట్టుగా వచ్చింది. శ్రీకాకుళం తీరంలో ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు పగిలిన గుడ్ల నుంచి రాత్రివేళ బయటికి వచ్చి, ఎటు వెలుగు ఎక్కువగా ఉంటే అటు పాకుతాయి. లక్షల సంవత్సరాలుగా ఆ వెలుగు సముద్రం వైపే ఉండేది కాబట్టి ఆ నడత వాటిని కాపాడింది. ఇప్పుడు ఒడ్డున కరెంటు దీపాలు వెలిగిస్తే అవి దీపం వైపే పాకి చచ్చిపోతాయి. 'ఈ వెలుగు సముద్రానిదేనా' అని అడుక్కోగల ఏర్పాటు తాబేలు పిల్లలో లేదు. అదే జిల్లాలోని తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగల వంటి పక్షుల్లో మరికొంత వెసులుబాటు ఉంటుంది; అవి నేర్చుకుంటాయి, చోటు మార్చుకుంటాయి. మనిషి దగ్గరకు వచ్చేసరికి భాష చేరింది, భాషతో పాటు ఎదుటివాడు 'ఎందుకలా చేశావు' అని అడిగే అవకాశం, దానికి జవాబు చెప్పుకోవలసిన అవసరం చేరాయి. తన కోరికనే ఎదురుగా పెట్టుకుని ఈ కోరిక నాకు తగినదేనా అని విచారించగల ప్రాణి అలా తయారైంది.

డార్విన్ 1871లో మానవ పరిణామం గురించి రాస్తూ, సంఘజీవుల సహజ ప్రవృత్తులకు మేధాశక్తి తోడైతే అంతరాత్మ వంటిది పుట్టక మానదన్నాడు. గుండె పరిణామంలో వచ్చింది కాబట్టి అది నిజమైన గుండె కాదని ఎవరూ అనరు. విచారణాశక్తి సంగతీ అంతే. జన్యువులు కోరికలను ఇస్తాయి, ఏ కోరికకు ఎంత విలువ ఇవ్వాలో తేల్చుకునే సాధనాన్ని కూడా ఇస్తాయి. కుటుంబ నియంత్రణ పాటించే ప్రతి దంపతులూ జన్యువుల 'ప్రయోజనానికి' ఎదురు నడుస్తున్నవాళ్లే.

మన ఆలోచనలు అణువుల కదలికలే అయితే, ఈ నియతివాదాన్ని మాత్రం నిజమని ఎలా నమ్మాలి?

ఈ ప్రశ్న జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్‌ది. తన ఆలోచనలు పూర్తిగా మెదడులోని అణువుల కదలికలను బట్టే నిర్ణయమవుతుంటే, తన నమ్మకాలు నిజమనుకోవడానికి ఆధారమే లేదని ఆయన 1927లో రాశాడు. భారత పౌరసత్వం తీసుకుని, మనకు పొరుగునే ఉన్న భువనేశ్వర్‌లో 1964లో కన్నుమూసిన మనిషే ఆయన. అది రాసిన ఇరవై ఏడేళ్లకు, 1954లో, ఆయన ఆ వాదాన్ని బాహాటంగా ఉపసంహరించుకున్నాడు. లెక్క కట్టే యంత్రం భౌతిక నియమాలకు లోబడుతూనే తర్క నియమాలకు కూడా లోబడుతుంది. ఒకటి రెండోదాన్ని కాదనదు. నియత వ్యవస్థ సత్యాన్ని పట్టుకోగలదా అన్నది అది ఎలా అమరి ఉందన్న దానిని బట్టి తేలాలి.

కర్మ సిద్ధాంతం నమ్మితే స్వేచ్ఛకు చోటు ఎక్కడ? అన్నీ పూర్వజన్మ ఫలితాలే కదా?

'అన్నీ' అన్న మాటను మన సంప్రదాయంలోని పెద్దలే ఒప్పుకోలేదు. ఆ మాటను నిజంగా అన్నవాడు బుద్ధుడికి సమకాలికుడైన మక్ఖలి గోశాలుడు. జీవుల సుఖదుఃఖాలు కొలిచిపెట్టినవి, విసిరిన దారపు ఉండ తనంతట తాను విప్పుకున్నట్లు మూర్ఖుడూ పండితుడూ ఒక్క లాగే తమ జన్మలన్నీ తిరిగి ముగిస్తారు, ప్రయత్నమనేది లేనే లేదు అని ఆయన బోధించినట్లు బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఆయన పెంచిన ఆజీవక సంప్రదాయం నియతివాదం కన్నా తలరాతకే దగ్గర. బుద్ధుడు దీన్ని గట్టిగా ఖండించాడు. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లనే అనే మతాన్నీ, అంతా ఈశ్వర సృష్టి వల్లనే అనే మతాన్నీ, అంతా అకారణమే అనే మతాన్నీ మూడింటినీ కలిపి ఆయన ఒకే అభ్యంతరం చెప్పాడు: అలాగైతే హంతకుడు కూడా పూర్వకర్మ వల్లనే హంతకుడయ్యాడనాలి, ఇది చెయ్యాలి ఇది మానాలి అన్న ప్రయత్నానికే అర్థం ఉండదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద, నెల్లిమర్ల దగ్గర రామతీర్థంలో విహారాలు కట్టుకుని బతికిన భిక్షువులు వల్లించినది ఈ బోధనే.

భగవద్గీత దగ్గరకు వస్తే, పద్దెనిమిదో అధ్యాయం పద్నాలుగో శ్లోకం ప్రతి పనికీ అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం (ఆధారమైన దేహం), కర్త, కరణాలు (ఇంద్రియాలు), చేష్టలు, అయిదోది దైవం. దైవం ఉంది, కానీ అయిదింటిలో ఒకటిగా ఉంది. అదే అధ్యాయంలో ఈశ్వరుడు సర్వభూతాలనూ యంత్రం మీద ఎక్కించినట్లు తిప్పుతున్నాడని చెప్పిన రెండు శ్లోకాలకే, 'యథేచ్ఛసి తథా కురు', ఇదంతా బాగా విమర్శించుకుని నీ ఇష్టం వచ్చినట్లు చెయ్యి అని కృష్ణుడు అర్జునుడికే వదిలేస్తాడు. రెండు మాటలూ పక్కపక్కనే ఉంచిన వాడికి వాటి మధ్య వైరుధ్యం కనిపించలేదంటే, సమన్వయవాదం మనకు కొత్త సరుకేమీ కాదు.

శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మం ఈ చర్చకు దూరపు ఊరు కాదు. మధ్వాచార్యుల ప్రత్యక్ష శిష్యుడు నరహరి తీర్థులు కళింగ రాజ్య వ్యవహారాలు చూసినవారు. ఆయన వేయించిన 1281 నాటి శాసనం శ్రీకూర్మం ఆలయంలో ఉంది. మధ్వ సిద్ధాంతంలో స్వతంత్రుడు విష్ణువు ఒక్కడే, జీవుడు పరతంత్రుడు. అయినా విష్ణువు జీవుణ్ణి ప్రేరేపించేది ఆ జీవుడి అనాది స్వభావాన్నీ, కర్మనూ, ప్రయత్నాన్నీ అనుసరించే. రామానుజులు మరికొంత వెసులుబాటు ఇచ్చారు: తొలి ప్రయత్నం జీవుడిది, దాన్ని చూసి ఈశ్వరుడు అనుమతి ఇస్తాడు. మధ్వ మార్గంలో తాత్త్విక స్పష్టత ఎక్కువే గానీ, మామూలు మనిషి పశ్చాత్తాపానికి రామానుజుల మాటలో చోటు మరింత విశాలంగా ఉందనిపిస్తుంది.

దేవుడికి రేపు నేను చేసేది ముందే తెలిస్తే, నేను వేరేది చేయగలనా?

తెలియడం చేయించడం కాదన్నది అన్ని మతాల్లోనూ వినిపించే తొలి జవాబు. అది సరైనదే గానీ చాలదు, ఎందుకంటే పొరపాటు పడని జ్ఞానం నిన్ననే ఉందంటే నేడు దానికి భిన్నంగా జరగడానికి వీలు లేదు. ఆరో శతాబ్దంలో బొయీథియస్ అనే రోమన్ పండితుడు చెరసాలలో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ దీని మీద రాసిన జవాబు ఇంకొంచెం లోతుగా పోతుంది: దేవుడు కాలంలో లేడు, ఆయనకు 'ముందు' అన్నది లేదు, మూడు కాలాలూ ఆయనకు వర్తమానమే, మీరు నడుస్తుండగా నేను చూడటం మీ నడకను ఎలా నిర్బంధించదో, ఆయన చూపు కూడా అలాగే నిర్బంధించదు.

ఇస్లాంలో ముతజిలీలు అనే తాత్త్విక వర్గం వారు మనిషి తన కర్మలకు తానే కర్త అన్నారు. పదో శతాబ్దపు మత పండితుడు అష్అరీ మాత్రం కర్మను సృష్టించేది అల్లాహ్, దాన్ని తనదిగా ఆర్జించుకునేది మనిషి అన్నాడు. ఉత్తరాంధ్రలో బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో పనిచేసిన కెనడా మిషనరీలు బాప్టిస్టులు. ఆ బాప్టిస్టులే పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో, క్రీస్తు అందరికోసం మరణించాడా, ఎన్నుకోబడినవారి కోసమేనా అన్న ప్రశ్న మీద రెండుగా చీలారు. ఏ మతాన్ని తీసుకున్నా ఈ తగవు ఆ మతం లోపలే ఉంది. మతం మొత్తంగా స్వేచ్ఛకు అనుకూలం, సైన్సు మొత్తంగా ప్రతికూలం అన్న పంపకం చరిత్రకు సరిపోదు.

పరిణామాన్ని ఒప్పుకున్నవాడు దేవుణ్ణి నమ్మవచ్చా?

నమ్ముతున్నవాళ్లు కోట్లలో ఉన్నారు. కాథలిక్ సంఘం విషయంలో పోప్ పన్నెండో పయస్ 1950లో మానవ దేహ పరిణామం గురించి పరిశోధించడానికి అభ్యంతరం లేదన్నాడు, 1996లో రెండో జాన్ పాల్ అది కేవలం ఊహ స్థాయిని దాటిందని అంగీకరించాడు.

అమ్మవారి సంకల్పం అనుకుని చేసే పనులు మన ఇష్టంతో చేసినవేనా?

విజయనగరంలో విజయదశమి తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కావలసిన చెట్టు మాను ఎక్కడుందో అమ్మవారు పూజారి కలలో చెబుతుందని విశ్వాసం. ఆ తరువాత చెట్టును వెతికేది, నరికేది, మానుగా మలిచేది మనుషులే; ఎవరి పని వారు ఎరుకతో, ఇష్టంతో చేస్తారు. తన సంకల్పం కన్నా పెద్ద సంకల్పంలో తన పని భాగమని నమ్మడం నిర్బంధం కాదు. ఆ నమ్మకాన్ని అడ్డు పెట్టుకుని తన తప్పుకు అమ్మవారిని బాధ్యురాలిని చేస్తే మాత్రం, అది విశ్వాసం కాదు, తప్పించుకోవడం.

నేరస్థుడికి స్వభావం తాను ఎంచుకున్నది కానప్పుడు శిక్షించడం న్యాయమా?

మన చట్టం ఈ ప్రశ్నను తాత్త్వికులకు వదలకుండా తనకు తోచిన హద్దులు గీసుకుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 20వ సెక్షన్ ఏడేళ్ల లోపు పిల్లలు చేసినది నేరం కాదంటుంది. 22వ సెక్షన్ మతిస్థిమితం లేక తన పని స్వభావం గానీ, అది తప్పని గానీ గ్రహించలేని స్థితిలో ఉన్నవాణ్ణి మినహాయిస్తుంది. ఆ పనికి కారణాలు ఉన్నాయా అని చట్టం ఎక్కడా అడగదు. మనిషికి అది గ్రహించే శక్తి ఉందా, తన ఇష్టంతో చేశాడా అనే అడుగుతుంది. తెలిసి అన్నా తెలియక అన్నా ఇది సమన్వయవాదుల గీటురాయే.

అయితే ముందు ఒప్పుకున్న విషయం ఇక్కడ పనికొస్తుంది. ఎవరూ తమ స్వభావానికి తొలి కర్తలు కారు కాబట్టి, బాధ పెట్టడమే ఉద్దేశంగా విధించే శిక్షకు సమర్థన బలహీనపడుతుంది. నేరాన్ని ఆపడానికి, మనిషిని మార్చడానికి, నష్టపోయినవారికి న్యాయం చెయ్యడానికి ఉద్దేశించిన శిక్షకు మాత్రం నియతివాదం అడ్డు రాదు. శిక్ష కూడా ఒక కారణంగా పనిచేస్తుందన్నదే దాని ఆధారం. 1962లో బ్రిటిష్ తాత్త్వికుడు పీటర్ స్ట్రాసన్ ఎత్తి చూపినట్లు, కోపం, కృతజ్ఞత, క్షమ మనుషుల మధ్య బతకడంలోనే అల్లుకుని ఉన్నాయి. ఏదో సిద్ధాంతం నిజమని తేలిందని వాటిని విడిచి బతకడం ఎవరి తరమూ కాదు.

మనిషికి స్వేచ్ఛ ఉందంటే, పేదవాడి కష్టానికి పేదవాణ్ణే బాధ్యుణ్ణి చేసినట్లు కాదా?

ఇది అన్నింటికన్నా ముఖ్యమైన అభ్యంతరం, తాత్త్వికుల కన్నా ఎక్కువగా మన జిల్లాల వాళ్లు అడగవలసినది. సొంత తీరంలో వేట గిట్టుబాటు కాక మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు కూలికి వెళతారు. 2018లో అలా వెళ్లినవారు కొందరు పాకిస్తాన్ జలాల్లో పట్టుబడి, 2020 జనవరి దాకా అక్కడి జైల్లోనే ఉండిపోయారు. వాళ్లు ఇష్టపడే వెళ్లారు కదా అనడం ఎంత తేలికో, వాళ్లకు ఇష్టమన్నదే లేదు అనడమూ అంతే తేలిక. రెండూ వాళ్లను తక్కువ చేసే మాటలే.

స్వేచ్ఛాసంకల్పం ఉండటం ఒకటి, ఎంచుకోవడానికి మంచి దారులు ఉండటం మరొకటి. వేరావల్ వెళ్లినవాడు అప్పు, పిల్లల చదువు, సముద్రంలోని అపాయం అన్నీ తూచి నిర్ణయించుకున్నాడు. ఆ తూకం వేసిన బుద్ధి అతనిదే, ఆ నిర్ణయానికి ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. కానీ తక్కెడలో వేయడానికి అతని ముందున్నవి రెండే, రెండూ చెడ్డవే. ఆ కొరతకు బాధ్యులు అతను కాక వేరేవాళ్లు. నియతి మీద ఎంత వాదించినా ఆ రెండు దారులు మూడు కావు; ఊరి తీరంలోనే జెట్టీ, పట్టిన చేపకు శీతల గిడ్డంగి, వేట నిషేధం నెలల్లో సకాలంలో భృతి ఉంటే అవుతాయి. అవన్నీ వచ్చాక కూడా ఒకరు వేరావల్‌కే పోతానంటే, ఆ నిర్ణయం ఎందుకని అతన్నే అడగవచ్చు, అతను చెప్పే జవాబును మిగతా ఎవరి జవాబుతోనైనా సమానంగా వినవచ్చు.